పార పట్టే ముందు గుండెను తూచుకోండి

అమెరికాలో మంచు పడితే రాజమహేంద్రవరంలో కూర్చున్న వైద్యునికి ఏమి పని అని మీరు అడగవచ్చు. పుష్యమాసపు తెల్లవారుజామున దుప్పటిని కాస్త దగ్గరగా లాక్కోవడమే మన గోదావరి సీమలో చలికి మనం చేసే సన్నాహం. కానీ భీమవరంలోగాని, అమలాపురంలోగాని, తణుకులోగాని ఏ వీధికి వెళ్ళినా పిల్లలు అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా కనబడుతుంది. ఆ ఇంటి పెద్దలు ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి విమానమెక్కుతారు. వేసవిలోనే వెళ్ళాలని అందరికీ ఉంటుంది. కానీ కోడలి కాన్పు, కూతురి కాన్పు ఋతువు చూసుకుని రావు కదా. కాబట్టి డెబ్బై ఏళ్ళ నాన్నగారు జనవరి నెలలో మిషిగన్‌లోనో, న్యూయార్కు రాష్ట్రపు ఉత్తర భాగంలోనో కొడుకు ఇంట్లో ఉంటారు. తెల్లవారేసరికి గుమ్మం ముందు మోకాలి లోతు మంచు. గరాజులో గోడకు ఆనించి ఒక పార. ఈ వ్యాసం ఆ పార గురించి.

నేను చెప్పదలచినది ఒక్కటే. వీధి నుంచి ఇంటి గుమ్మం దాకా కారు నడిచే సొంత దారిని అక్కడ డ్రైవ్‌వే అంటారు. పల్లెపట్టు ఇళ్ళలో అది వందల అడుగుల పొడవు ఉంటుంది. అటువంటి దారిపై మంచును తొలగించే సాధనాన్ని ఎన్నుకోవడం ఇనుపసామాను కొట్టు వ్యవహారం కాదు. అది వైద్య సంబంధమైన నిర్ణయం. యంత్రం ధర ఎంత, దాని అశ్వశక్తి ఎంత, ఏ కంపెనీది అన్న ప్రశ్నలు తరువాత రావాలి. ఆ ఇంట్లో అన్నిటికంటె బలహీనమైన గుండె ఎవరిది, ఆ మనిషి చేతికి పార అందుతుందా అన్న ప్రశ్న మొదట రావాలి. మన పిల్లలు ఈ క్రమాన్ని తలకిందులు చేస్తున్నారు. నా అభ్యంతరం అదే.

ముందు లెక్క చూద్దాం. డ్రైవ్‌వే పొడవు 300 అడుగులు, వెడల్పు 10 అడుగులు అనుకోండి. దానిమీద 8 అంగుళాల మంచు పడితే అది 2,000 ఘనపు అడుగులు. అప్పుడే పడిన తేలికపాటి మంచు ఘనపు అడుగుకు సుమారు 3 కిలోలు తూగుతుంది. అంటే మొత్తం 6 టన్నులు. మన లెక్కలో చెప్పాలంటే 75 కిలోల ధాన్యం బస్తాలు 80. పారకు 6 కిలోల చొప్పున ఎత్తిపోస్తే వెయ్యిసార్లు వంగి లేవాలి. అదే మంచు తడిసి బరువెక్కితే మూడింతలు తూగవచ్చు. అప్పుడు 240 బస్తాలు, మూడువేల పారలు. దూదిలాగా తెల్లగా కనబడుతుంది గనుక తేలిక అనుకుంటాం. కళ్ళంలో 80 బస్తాలు ఒంటిచేత్తో ఎత్తిపొయ్యమని డెబ్బై ఏళ్ళ తండ్రిని ఏ కొడుకూ అడగడు. డ్రైవ్‌వే దగ్గర మాత్రం అడగకుండానే ఆయన మొదలుపెడితే ఊరుకుంటున్నాడు.

ఇక శరీరం సంగతి. నడకలోనూ, సైకిలు తొక్కడంలోనూ పనిచేసేవి కాళ్ళ పెద్ద కండరాలు. అవి సంకోచించినప్పుడల్లా రక్తాన్ని గుండెవైపు నెడతాయి. పార పనిలో భారమంతా చేతులమీద, భుజాలమీద, నడుముమీద పడుతుంది. కాళ్ళు దాదాపు కదలక నిలబడి ఉంటాయి. పార ఎత్తేటప్పుడు మనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాం. ఆ క్షణాన రక్తపోటు ఒక్కసారిగా ఎగురుతుంది. వీటికి తోడు చలి. చల్లగాలి ముఖానికీ ఊపిరితిత్తులకూ తగలగానే రక్తనాళాలు ముడుచుకుంటాయి. గుండెకు ఎక్కువ రక్తం కావలసిన సమయంలోనే గుండెకు రక్తమిచ్చే నాళాలు సన్నబడతాయి. పైగా ఈ పని జరిగేది తెల్లవారుజామున. గుండెపోటు ఎక్కువగా వచ్చే వేళ కూడా అదే.

ఇది నా ఊహ కాదు. 1995లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. వ్యాయామపు అలవాటు లేని పదిమంది ఆరోగ్యవంతులైన యువకులచేత తడిమంచును పారతో తీయించారు. రెండు నిమిషాలు గడిచేసరికే వారి గుండె వేగం గరిష్ఠ పరిమితిలో 85 శాతాన్ని దాటింది. వారి రక్తపోటు ట్రెడ్‌మిల్‌పై అలసిపోయేదాకా పరుగెత్తించినప్పటికంటె ఎక్కువకు చేరింది. అదే మంచును యంత్రంతో తీయించినప్పుడు గుండె వేగం నిమిషానికి 120 ప్రాంతంలోనే నిలిచింది. గమనించండి, వారు యువకులు, ఏ జబ్బూ లేనివారు. కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో 1981 నుంచి 2014 వరకు ఆసుపత్రుల లెక్కలు పరిశీలించి 2017లో ప్రచురించారు. 20 సెంటీమీటర్ల మంచు పడిన మరునాడు గుండెపోటుతో ఆసుపత్రిలో చేరే మగవారు 16 శాతం పెరిగారు. గుండెపోటు మరణాలు మూడోవంతు పెరిగాయి. స్త్రీలలో ఆ పెరుగుదల కనబడలేదు. ఆ పార ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచిస్తే కారణం ఊహించడం కష్టం కాదు.

అమెరికాలో 1990 నుంచి 2006 వరకు మంచు పార వల్ల అత్యవసర విభాగాలకు వచ్చినవారి లెక్క కూడా ఉంది. సగటున ఏడాదికి పదకొండు వేలకు పైగా. అందులో ఎక్కువమంది నడుము పట్టినవారు, జారిపడినవారు. గుండె సంబంధమైనవి 7 శాతమే. కానీ ఆ పదిహేడేళ్ళలో నమోదైన 1,647 మరణాలూ ఆ 7 శాతంలోనివే. నడుము నొప్పికి భయపడి పట్టీ కట్టుకునేవారు ఈ రెండో అంకెను కూడా చదవాలి.

ఇంత చెప్పినా వినిపించే వాదనలు మూడున్నాయి. ఒక్కొక్కదానికి సమాధానం చెబుతాను.

మొదటిది: “ఇదొక మంచి వ్యాయామం కదా, డాక్టరుగారూ!” కాదు. వ్యాయామమంటే శరీరాన్ని వేడెక్కించి, క్రమంగా పెంచి, అలసట రాగానే ఆపగలిగినది. మంచు పని అలా ఆగదు. కారు బయటికి రావాలి, ఆఫీసు వేళ అవుతోంది, సగం తీసిన దారి దేనికీ పనికిరాదు. ఆపవలసినచోట ఆపలేని శ్రమను వ్యాయామమని పిలవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

రెండవది నాన్నగారి వాదన: “ఇదేం పనిరా అబ్బాయ్! బస్తాలు మోసిన ఒళ్ళిది.” ఆ మాటలోని ఆత్మగౌరవాన్ని నేను మన్నిస్తాను. కానీ బస్తాలు మోసింది ముప్పై ఏళ్ళ ఒళ్ళు. ఈనాటి ఒంటిలో చక్కెర ఉంది, రక్తపోటు ఉంది, బహుశా ఒక స్టెంటూ ఉంది. వైజాగ్‌లోనో హైదరాబాదులోనో విమానమెక్కిన తరువాత నెలరోజులుగా ఆ కాళ్ళకు నాలుగడుగుల నడక కూడా సరిగా లేదు. బయట చలి, లోపల సోఫా. మన పొలంలో శ్రమ వానాకాలంలోనూ ఎండలోనూ జరిగింది. సున్నాకు పది డిగ్రీల దిగువన మన శరీరం ఎన్నడూ పని చేసి ఎరుగదు. పాత బలం జ్ఞాపకంలో ఉంటుంది, రక్తనాళాల్లో ఉండదు.

మూడవది కొడుకు వాదన: “మా నాన్నగారు కాదు, నేనే తీస్తాను. నాకు నలభై అయిదే.” అతనికీ నా మాట ఇదే. యాభై రెండు దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం దక్షిణాసియావారికి తొలి గుండెపోటు మిగతావారికంటె దాదాపు ఆరేళ్ళు ముందుగా వస్తోంది. సగటు వయసు 53 ఏళ్ళు. రోజుకు పదిగంటలు కుర్చీలో కూర్చుని, రాత్రి ఇండియా కాల్స్‌కు మేలుకొని, పరగడుపున కాఫీ తాగి పార పట్టే నలభై అయిదేళ్ళ మనిషి నా దృష్టిలో యువకుడు కాడు.

ఇక్కడ నా తోటి వైద్యులను ప్రత్యేకంగా పేర్కొనాలి. విశాఖలో 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలనుంచి, కాకినాడలో 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలనుంచి తరతరాలుగా మనవారు అమెరికా వెళ్ళారు. జె-1 వీసాపై శిక్షణ పొందిన వైద్యుడు అక్కడే నిలవాలంటే సాధారణంగా వైద్యులు చాలని ప్రాంతంలో మూడేళ్ళు సేవ చేయాలి. ఇటువంటి అవకాశమిచ్చే పథకం 1994లో మొదలైంది, రాష్ట్రానికి ముప్పైమంది చొప్పున అన్న పరిమితి తరువాత వచ్చింది. అందువల్లనే మంచు దేశపు మారుమూల కౌంటీలలో మన తెలుగు వైద్యుల ఇళ్ళు కనబడతాయి. విశాలమైన స్థలం, పొడవైన కంకర దారి, దగ్గరలో పొరుగువాడుండడు. తెల్లవారి ఐదుగంటలకు ఆసుపత్రినుంచి పిలుపు వస్తే దారి తెరుచుకోక తప్పదు. ఇతరుల గుండెను కాపాడడానికి తన గుండెను పణం పెట్టి పార పట్టే వైద్యునికి శాస్త్రం తెలియదని అనను. తెలిసినా తనకు వర్తించదనుకోవడమే అసలు జబ్బు. ఈశాన్యం చూసుకుని, వీధిపోటు చూసుకుని ఇల్లు కొన్నవారు డ్రైవ్‌వే పొడవు ఎందుకు చూసుకోలేదని అడగాలనిపిస్తుంది.

సరే, ఏ సాధనం ఎన్నుకోవాలి? సులభమైన దానినుంచి చెబుతాను.

పార: గుమ్మం మెట్లకు, కారు చుట్టూ నాలుగడుగులకు మాత్రమే. పొడవైన దారికి అది సాధనమే కాదు. అవసరమైనచోట కూడా ఎత్తిపోసే పార బదులు నెట్టే వెడల్పు పార కొనండి. మంచును ఎత్తకండి, నెట్టండి.

చిన్న యంత్రం, అంటే సింగిల్ స్టేజ్ స్నో బ్లోయర్: ఇందులో తిరిగే రెక్కలే మంచును లాగి, అవే విసురుతాయి. తేలిక, చవక. ఆరేడు అంగుళాల మంచుకు, సిమెంటో తారో వేసిన పొట్టి దారికి చాలు. రెక్కలు నేలను తాకుతాయి గనుక కంకర దారిలో రాళ్ళను కూడా విసురుతుంది. తగ్గింపు ధరకు వచ్చిందని మూడువందల అడుగుల దారికి దీనిని కొనేవారున్నారు. అడుగున్నర మంచులో అది కూరుకుపోతుంది. అప్పుడు మళ్ళీ చేతికి వచ్చేది పారే. చాలని యంత్రం కొనడం యంత్రం కొనకపోవడంకంటె ప్రమాదం. ఇంట్లో యంత్రముందన్న ధీమా ఉంటుంది, పని మాత్రం ఒళ్ళే చేస్తుంది.

పెద్ద యంత్రం, అంటే టూ స్టేజ్: ముందున్న ఇనుప మర మంచును పోగుచేస్తుంది, వెనకనున్న పంకా దానిని గొట్టం గుండా దూరంగా చిమ్ముతుంది. చక్రాలను ఇంజనే తిప్పుతుంది. అడుగుకు మించిన మంచునూ తీస్తుంది. అడుగున ఉండే ఇనుప పాదాలను సర్దుకుంటే మర నేలకు కాస్త ఎత్తుగా ఉండి కంకర దారిలోనూ పనికొస్తుంది. 24 అంగుళాల వెడల్పు యంత్రంతో పది అడుగుల దారిని తీయడానికి, అంచులు కలుపుకుంటూ, ఆరుసార్లు నడవాలి. అంటే అరకిలోమీటరు పైచిలుకు నడక. యాభై ఏళ్ళలోపు ఆరోగ్యవంతునికి ఇది చేయదగిన పని. కానీ ఆ యంత్రం బరువు వంద కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. మంచులో దానిని తిప్పడానికి బలం కావాలి. యంత్రం ఉంది గనుక నాన్నగారు తీయవచ్చు అన్న తీర్మానానికి మాత్రం రాకండి. బ్యాటరీ యంత్రాలు పొగ లేనివి, మంచివే. కానీ చలిలో బ్యాటరీ త్వరగా దిగుతుంది. మీ దారి మొత్తం ఒక్క ఛార్జింగులో పూర్తవుతుందో లేదో కొనేముందే అడగండి.

ట్రాక్టరుకు బిగించే బ్లోయర్, పికప్ ట్రక్కు ముందు బిగించే నెట్టుపలక: అయిదువందల అడుగులు, వెయ్యి అడుగుల దారులకు ఇవే సరైనవి. మనిషి కూర్చుని పని చేస్తాడు. పలక మంచును నెడుతుంది గనుక పోగువేయడానికి పక్కన చోటు కావాలి. గాలికి మంచు మేటలు వేసే చోట బ్లోయరే మేలు.

ఏ సాధనం కొన్నా ఒక చోటును మరచిపోకండి. ప్రభుత్వపు మంచు బండి వీధిని శుభ్రం చేస్తూ మీ డ్రైవ్‌వే మొదట్లో ఒక గట్టు వేసి పోతుంది. అది నలిగి, తడిసి, ఉప్పు కలిసి రాయిలాగా ఉంటుంది. మూడువందల అడుగులూ యంత్రంతో తీసి, “చివరి నాలుగడుగులే కదా” అని పార పట్టేది అక్కడే. ఆ నాలుగడుగులే అన్నిటికంటె బరువు. మీ యంత్రం ఆ గట్టును తీయగలదా అన్నదే దాని అసలు పరీక్ష.

వీటన్నిటికంటె నేను సిఫారసు చేసేది కొనుగోలు కాదు, కిరాయి. డెల్టా రైతుకు ఇది కొత్త విద్య కాదు. అయిదెకరాల ఆసామి వరికోత యంత్రం కొంటాడా? కొనడు. కోతల వేళకు గంట లెక్కన పిలిపించుకుంటాడు. మిగతా ఏడాది దాని పోషణ తనది కాదు. మంచు దేశంలోనూ అదే ఏర్పాటుంది. శీతాకాలం మొత్తానికి గాని, మంచు పడిన లెక్కన గాని ట్రక్కువానితో ఒప్పందం చేసుకోవచ్చు. మంచు పడకముందే, అక్టోబరులోనే మాట్లాడుకోవాలి. ఎన్ని అంగుళాలు పడితే వస్తాడు, ఉదయం ఎన్ని గంటలలోపు తీస్తాడు, వీధి చివరి గట్టును కూడా తీస్తాడా అన్న మూడు సంగతులు కాగితం మీద ఉండాలి. ఇంట్లో యంత్రమున్నా, వృద్ధులు వచ్చి ఉన్న నెలలకైనా ఈ ఏర్పాటు చేయండి.

ఖర్చంటారా? సందర్శకులుగా వచ్చిన తల్లిదండ్రులకు అక్కడి మెడికేర్ వర్తించదు. విమానమెక్కేముందు కొన్న బీమా పాలసీలలో చాలావాటికి ముందునుంచీ ఉన్న జబ్బుల విషయంలో మినహాయింపులు, పరిమితులు ఉంటాయి. పదేళ్ళ చక్కెర జబ్బు, పాత స్టెంటు ఉన్న మనిషికి అక్కడ గుండెపోటు వస్తే వచ్చే బిల్లును, ఒక శీతాకాలపు మంచు కిరాయిని పక్కపక్కన పెట్టి చూడండి. నేను డబ్బు మాట మాట్లాడుతున్నది ఎదుటివారు డబ్బు మాట ఎత్తారు గనుక. ప్రాణానికి పక్కన పెట్టదగిన అంకె వేరే లేదు.

యంత్రం తన ప్రమాదాలను తాను తెస్తుంది. తడిమంచు గొట్టంలో ఇరుక్కుంటుంది. అప్పుడు చేయి పెట్టి తీసినవారు వేళ్ళు పోగొట్టుకున్నారు. ఇంజను ఆపిన తరువాత కూడా మరలో బిగుతు మిగిలి ఉండి, అడ్డు తొలగగానే అది ఒక్క తిప్పు తిరగవచ్చు. కాబట్టి ఇంజను ఆపండి, తిరిగేవన్నీ నిలిచేదాకా ఆగండి, ఆ పైన యంత్రంతో వచ్చిన కర్రతోనే తీయండి. ఎన్నడూ చేయి పెట్టకండి. శాలువా, మఫ్లర్ అంచులు వేలాడుతూ యంత్రం దగ్గరికి పోకండి. పెట్రోలు యంత్రాన్ని గరాజు లోపల నడపకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. కారు వెనక గొట్టాన్ని మంచు మూసి ఉండగా లోపల కూర్చుని హీటరు వేసుకోవడమూ అంతే ప్రాణాంతకం.

స్టెంటు వేయించుకున్నవారు, బైపాస్ అయినవారు, గుండె బలహీనమని చెప్పబడినవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు మంచు పార ముట్టవద్దు. నలభై అయిదు దాటి చక్కెర జబ్బు ఉన్నవారూ, పొగ తాగేవారూ తమ వైద్యుని అడగకుండా ముట్టవద్దు. ఛాతీలో బిగుతు, దవడకో ఎడమచేతికో పాకే నొప్పి, చలిలోనూ చెమట, అకారణంగా ఆయాసం కలిగితే పని అక్కడే వదిలి 911కు ఫోను చేయాలి. చక్కెర రోగులకు నొప్పి లేకుండా ఆయాసమూ చెమటా మాత్రమే రావచ్చు. “గ్యాస్ అయివుంటుంది” అని ఇంగువ నీళ్ళు తాగుతూ గంట గడపకండి. ఆ గంటలో పోయిన గుండె కండరం తిరిగి రాదు. వచ్చేవారం చేయించుకోవలసిన పరీక్ష కాదది.

మాకు అమెరికా లేదు, మంచు లేదు అనుకునే పాఠకులకు ఒక మాట. 1986 ఆగస్టులో గోదావరి ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. వరద తీసిన మరునాడు లంక గ్రామాలలో ప్రతి ఇంటి ముందూ ఒండ్రుమట్టి. ముప్పై అడుగుల పొడవు, పదిహేను అడుగుల వెడల్పు ఉన్న వాకిట్లో నాలుగు అంగుళాల తడి ఒండ్రు పేరుకుంటే అది ఏడు టన్నులకు పైమాటే. అక్కడ చలి లేదు, ఉక్క ఉంది. పునరావాస కేంద్రంలో నిద్రలేని రాత్రులున్నాయి, వేళకు పడని మాత్రలున్నాయి. పార మాత్రం అదే, ఊపిరి బిగబట్టడమూ అదే, ముందుకు వచ్చే పెద్దాయనా ఆయనే. ట్రాక్టరు బ్లేడు, జె.సి.బి. వీధులకు మాత్రమే కాక ముసలివారున్న వాకిళ్ళకు కూడా ముందుగా రావాలని పంచాయతీని అడగడం మీ హక్కు.

ఈ ఆదివారం పిల్లలతో వీడియోలో మాట్లాడేటప్పుడు మనవడి ముద్దుమాటలు విన్న తరువాత నాలుగు ప్రశ్నలు అడగండి. మీ డ్రైవ్‌వే ఎన్ని అడుగులు? మంచు తీసేది ఎవరు? వీధి చివరి గట్టును తీసేది ఏది? మేము వచ్చినప్పుడు ఆ పార ఎక్కడుంటుంది? నాలుగవ ప్రశ్నకు “తాళం వేసిన గదిలో” అన్న జవాబు వచ్చేదాకా టిక్కెట్టు కొనకండి.